జత కుదిరేదాకా: కొత్తగా కట్టిన పాత కారు తొలి రెండు వేల కిలోమీటర్లు

(నెల్లూరులో పాలిటెక్నిక్, ఐటీఐ ఆటోమొబైల్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి మేస్త్రీలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ ఆవరణలోకి వస్తూ వేపచెట్టు కింద నిలిపి ఉన్న ముదురాకుపచ్చ అంబాసిడర్‌ను మీరంతా చూసే ఉంటారు. అది 1964 నాటి మార్క్ టూ. కావలి దగ్గరి ఒక రైతు కుటుంబానిది. ఇప్పటి యజమాని తండ్రిగారు కొన్న ఆ బండి చాలా ఏళ్లు గడ్డివామి పక్కన రేకుల పాకలో పడి ఉంది. దానిని విప్పి, తుప్పు కోసి, కొత్త రేకు అతికి, మళ్లీ కట్టడానికి మాకు పద్దెనిమిది నెలలు పట్టింది. పైరూపం ఆనాటిదే అయినా లోపలి సామగ్రి వేరు. మొదటి 1489 సీసీ ఇంజిన్ బ్లాకు పగిలిపోయి ఉన్నందువల్ల, అంబాసిడర్‌ను తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ 1990లలో దానికి అమర్చిన 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజిన్‌ను, దానితోపాటు ఐదు గేర్ల బాక్సును ఎక్కించాం. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు వేరొక బండి డిస్క్ బ్రేకులు పెట్టాం. బ్యాటరీని చార్జి చేసే డైనమో స్థానంలో మూడో బండి నుంచి తెచ్చిన ఆల్టర్నేటర్ వచ్చింది. రంగు ఆరి, సీట్లు బిగించి, కొబ్బరికాయ కొట్టి, తాళాలు చేతికిచ్చిన రోజున బండి పూర్తయిందని అందరూ సంతోషించారు. ఆ రోజుకు సగం పని మాత్రమే అయిందని నేను అప్పుడే చెప్పాను. మిగిలిన సగం గురించే ఈ పూట మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర ఆ సగాన్ని ఎవరూ పనిగా లెక్కించరు, దానికి కూలి కట్టరు, విద్యార్థులకు నేర్పరు.

ఒంగోలు జాతి గిత్తలను ఎరిగిన నేల మనది. రెండు వేర్వేరు ఇళ్లలో పెరిగిన రెండు మంచి గిత్తలను కొని తెచ్చి ఒకే కాడికి కడితే మొదటి రోజు చాలు వంకర పోతుంది. దానికి ఎడమ గిత్తనో కుడి గిత్తనో తప్పుపట్టే రైతు ఉండడు. జత కుదరలేదంటాడు. పలుపు సవరిస్తాడు, కాడి మీద మెడతాళ్లు జరుపుతాడు, నాలుగు రోజులు తేలిక దుక్కిలో తిప్పి చూస్తాడు. నాలుగు బండ్ల నుంచి భాగాలు తెచ్చి ఒక బండి కట్టినప్పుడు జరిగేది కూడా ఇదే. ఆ ఇంజిన్ దాని పాత బండిలో బాగానే నడిచింది. ఆ డిస్కులు వాటి పాత బండిని బాగానే ఆపాయి. ఇక్కడికి వచ్చాక తొలి నెలల్లో కనిపించే లోపాల్లో చాలా భాగం ఈ రెండింటిలో దేనిలోనూ ఉండవు. రెండూ కలిసే చోట ఉంటాయి. అందువల్ల భాగాన్ని మార్చి కొత్తది వేసినంత మాత్రాన అటువంటి లోపం పోదు. డబ్బు మాత్రం పోతుంది.

పరీక్షా మైదానాలు, వందల మంది ఇంజనీర్లు ఉన్న పెద్ద కంపెనీలకు కూడా ఇది తప్పలేదు. 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఏర్పడింది. మన అంబాసిడర్‌కు తల్లి అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ ఆ సంస్థదే. అదే సంస్థ 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారును విడుదల చేసింది. ప్రపంచమంతా మెచ్చిన ఆ కారులో తొలి వానలకే నేల మీద నీళ్లు నిలిచాయి. కారణం చాలా చిన్నది. నేల రేకును, దాని ముందున్న రేకును ఒకదాని మీద ఒకటి వేసి అతికేటప్పుడు పైది కింద, కిందది పైన పడ్డాయి. చక్రాలు చిమ్మిన నీళ్లు ఆ అతుకు సందులోంచి నేరుగా లోపలికి వచ్చాయి. పెంకుటింటి కప్పు వేసే పనివాడు పెంకులను ఏ వరసలో పేర్చాలో ఎరుగును కదా, అదే సూత్రం. ఆ కారులోనే ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, తరువాత దాని దిశను తిప్పడంతో డిస్ట్రిబ్యూటర్, అంటే మన మేస్త్రీలు డెల్కో అనేది, ముందు జాలీ వెనకే వచ్చి నిలిచింది. వానలో తడిసి బండి ఆగిపోయేది. డెల్కో మంచిదే, జాలీ మంచిదే, వాటి పొరుగు మంచిది కాలేదు. మన దేశంలో 1998 డిసెంబరులో ప్రజల ముందుకు వచ్చిన టాటా ఇండికాను కూడా కొన్నవాళ్ల ఫిర్యాదులు విని సవరించి, 2001లో వీ2 పేరుతో మళ్లీ తెచ్చారు. ఆ తరువాతే అది ఊరూరా టాక్సీగా నిలబడింది. ఒక్క షెడ్డులో ముగ్గురు మనుషులు కట్టిన బండికి తొలి లోపాలు వచ్చాయంటే అందులో సిగ్గుపడవలసింది లేదు. వాటిని వెతికే పద్ధతి లేకపోతే మాత్రం సిగ్గుపడాలి.

మేం పాటించిన పద్ధతి కొంచెం చెబుతాను. మొదటి రోజు షెడ్డు నుంచి కిలోమీటరుకు మించి పోలేదు. రెండో రోజు పది కిలోమీటర్లు. తరువాత పెన్నా వంతెన దాటి కోవూరు దాకా, ఆ తరువాత మైపాడు బీచి దాకా, అది కుదిరాక కావలి, ఆపైన ఒంగోలు. ప్రతి ప్రయాణం తరువాత బండిని చల్లారనిచ్చి, కింద అట్టముక్క పరచి, ఏ చోట ఏ ద్రవం కారిందో చూసేవాళ్లం. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం బండిలోనే ఉండేది. తేదీ, కిలోమీటర్లు, ఎండ ఎంత, ఏం వినిపించింది, ఏం వాసన వచ్చింది, ఏం మార్చాం అన్నది అందులో రాయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది మా షెడ్డులో గట్టి కట్టుబాటు. కార్బొరేటర్, ప్లగ్గులు, టైమింగు మూడూ ఒకే సాయంత్రం ముట్టుకుంటే, బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ చెడినప్పుడు మూడూ వెతకాలి. కుర్రవాళ్లకు ఈ కట్టుబాటు చాలా కష్టంగా తోస్తుంది. చేతిలో స్పానర్ ఉండగా ఊరికే నిలబడి ఆలోచించడం కష్టమే.

ఇక అసలు లోపాలకు వస్తాను. మొదటిది కరెంటుది. బండి బయటికి వచ్చిన మూడో రోజున సెల్ఫ్ కొడితే ఇంజిన్ బద్ధకంగా తిరిగింది, యాక్సిలరేటర్ వైరు తొడుగు వేడెక్కి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. మా కుర్రవాడు బ్యాటరీ పోయిందన్నాడు, మరొకడు సెల్ఫ్ మోటారు విప్పుదామన్నాడు. నేను విప్పనివ్వలేదు. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఒక మందపాటి ఎర్త్ పట్టీ ఉండాలి. ఆ పట్టీ మేం వేశాం, కాని బాడీ వైపు దాన్ని బిగించిన చోట మూడు పూతల కొత్త రంగు ఉంది. రంగు కూడా రబ్బరు లాంటిదే. సెల్ఫ్ తిరిగేటప్పుడు నూరు ఆంపియర్లకు పైగా ప్రవహించే కరెంటు తనకు దారి లేక, ఇంజిన్‌ను బాడీతో కలిపే సన్నని యాక్సిలరేటర్ వైరును దారిగా చేసుకుంది. సన్నని వైరు అంత కరెంటును మోయలేక కాలింది.

దీన్ని కనిపెట్టడానికి ఏదీ విప్పనక్కర లేదు. వోల్ట్‌మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, రెండో కొసను ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టాలి. ఎర్త్ సరిగా ఉంటే మీటరు 0.2 వోల్టులకు అటూ ఇటూ చూపుతుంది. మాకు 3 వోల్టులకు పైగా చూపింది. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాం. ఉప్పుగాలి తగిలే మన కోస్తా ఊళ్లలో ఆ గ్రీజు పూత మరిచిపోకూడదు. ఆ ఒక్క బోల్టుతో సెల్ఫ్ బద్ధకం పోయింది. హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు కదలడం కూడా ఆగింది. కొత్త రంగు వేసిన ఏ బండిలోనైనా ఒక లైటు వేస్తే మరొకటి మినుకుమంటుంటే, ముల్లులు పొంతన లేకుండా కదులుతుంటే, ముందు ఎర్త్‌నే అనుమానించండి. ఆనాటి ఇంగ్లీషు పద్ధతి బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈనాటి ఆల్టర్నేటర్ నెగెటివ్ ఎర్త్ కోసం చేసింది. తిరగేసి కలిపితే దాని డయోడ్లు ఆ క్షణంలోనే కాలిపోతాయి.

రెండోది బ్రేకులది. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించింది, పైగా ఇందులో ఒక లోపం చాటున మరో లోపం దాక్కుంది. కోవూరు వెళ్లి తిరిగి వస్తుండగా బండి క్రమంగా బరువెక్కినట్టు అనిపించింది. గేరు తగ్గిస్తే గానీ లాగడం లేదు. పెన్నా వంతెన ఇవతల ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గర చేయి పెట్టలేనంత వేడి. బండిని తోస్తే కదలలేదు. మాతో ఉన్న కుర్రవాడు, ప్యాడ్లతో డిస్కును నొక్కే కాలిపర్ మీద గాలి తీసే నిప్పిల్ విప్పగానే నూనె సర్రున చిమ్మి, చక్రం వదులైంది. నూనెలో గాలి ఉందనీ, బ్లీడింగ్ చేస్తే సరిపోతుందనీ అతను అన్నాడు. మరునాడు బ్లీడింగ్ చేశాం. ఉదయం బండి శుభ్రంగా నడిచింది, పది పన్నెండు కిలోమీటర్ల తరువాత మళ్లీ బిగుసుకుంది. రాత్రి చల్లారితే పొద్దున మామూలుగా ఉంటుంది.

ఇటువంటి చోట ఆలోచన ఎలా సాగాలంటే, వేడితో వచ్చి చల్లదనంతో పోయే లోపానికి వేడితో పెరిగే వస్తువేదో కారణమై ఉండాలి. బ్రేకు నూనె వేడికి వ్యాకోచిస్తుంది. అలా పెరిగిన నూనె తిరిగి పై డబ్బాలోకి పోవడానికి, పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. పెడల్ మీద కాలు తీయగానే పిస్టన్ పూర్తిగా వెనక్కి జరిగితేనే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. పెడల్‌కూ పిస్టన్‌కూ మధ్య ఉండే తోపుడు కడ్డీ ఒక్క మిల్లీమీటరు పొడవు ఎక్కువైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రంధ్రం మూసుకునే ఉంటుంది. అప్పుడు వేడెక్కిన నూనెకు పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, ప్యాడ్లు డిస్కును నొక్కుతాయి, ఆ రాపిడికి ఇంకా వేడి పుడుతుంది. బండి తన బ్రేకు తానే వేసుకుంటుంది.

కనుక బండి బిగుసుకున్నప్పుడు నిప్పిల్ విప్పడం మొదటి పని కాకూడదు. నిప్పిల్ విప్పితే నూనె ఒత్తిడి నిలవడానికి కారణం ఏదైనా సరే చక్రం వదులవుతుంది, అందువల్ల మనకు ఏమీ తెలియదు. మొదట మాస్టర్ సిలిండర్‌ను పట్టి ఉంచే బోల్టులను నాలుగు చుట్లు వదులు చేసి, సిలిండర్‌ను కాస్త ముందుకు జరపాలి. చక్రాలు వదిలితే తప్పు తోపుడు కడ్డీది. వదలకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయాలి. అక్కడ వదిలితే తప్పు సిలిండర్ లోపల. అక్కడా వదలక, చక్రం దగ్గర నిప్పిల్ విప్పితేనే వదిలితే, మధ్యలో రబ్బరు హోస్ లోపల ఉబ్బి నూనెను పోనిచ్చి రానివ్వడం లేదన్నమాట. నిప్పిల్ విప్పినా వదలకపోతే కాలిపర్ పిస్టన్ పట్టేసింది. పెడల్ నుంచి చక్రం దాకా ఈ వరసలో నడిస్తే ఒక్కొక్క అతుకూ తన సంగతి తాను చెబుతుంది. మూడోసారి బిగుసుకున్నప్పుడు మేం ఇలాగే చేశాం. బోల్టులు వదులు చేయగానే బండి కదిలింది. పెడల్ పాతది, సిలిండర్ కొత్తది, కడ్డీ మేమే లేతు మీద చేయించింది. దాన్ని కురచ చేసి, పిస్టన్‌కు తగలకముందు మిల్లీమీటరుకు పైగా ఖాళీ ఇచ్చాం.

బిగుసుకోవడం ఆగింది. అందరూ అయిపోయిందనుకున్నారు. అయితే నోటుపుస్తకంలో రోజూ రాసే చక్రాల వేడి లెక్కలు చూస్తే నాకు తృప్తి కలగలేదు. బ్రేకు దాదాపు వేయకుండా పది కిలోమీటర్లు నడిపి, దూరం నుంచి వేడి చూసే మీటరుతో చూస్తే వెనుక డ్రమ్ములు చేయి ఆనించగలిగినంత గోరువెచ్చగా ఉన్నాయి, ముందు డిస్కులు మాత్రం నూరు డిగ్రీలు దాటాయి. అప్పుడు మాస్టర్ సిలిండర్‌ను విప్పి చూశాం. అది నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న బండి కోసం చేసింది. డ్రమ్ము బ్రేకుల పైపుల్లో 8 నుంచి 10 పీఎస్ఐ ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు అందులో ఉంటుంది. చక్రపు సిలిండర్ల రబ్బరు కప్పులు గోడకు అంటుకుని ఉండి గాలి పీల్చకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడి బాధించదు. డిస్కులో స్ప్రింగు లేదు. ఆ కొద్దిపాటి ఒత్తిడికే ప్యాడు డిస్కును తాకుతూ తిరుగుతుంది. వాల్వు తీసేశాం, వెనుక డ్రమ్ములకు వెళ్లే పైపులో మాత్రం అదే ఒత్తిడి గల వాల్వును విడిగా కలిపాం. మరునాటి నుంచి నాలుగు చక్రాలూ దాదాపు ఒకే వేడిలో ఉన్నాయి. మొదటి లోపం సరిచేయగానే సంతోషించి పుస్తకం మూసేసి ఉంటే, ఏదో ఒక మే నెల మధ్యాహ్నం ఘాట్ దిగుతుండగా నూనె మరిగి, పెడల్ నేలకు తగిలి ఉండేది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరినకొద్దీ మరిగే స్థానం పడిపోతుంది; సముద్రం ఒడ్డున ఉన్న మనం దాన్ని రెండేళ్లకొకసారైనా మార్చాలి.

ఇంజిన్ వేడి సంగతి. రోహిణీ కార్తెలో మన జిల్లాల ఎండ ఎటువంటిదో మీకు చెప్పనక్కర లేదు. ఒంగోలు ప్రయాణంలో హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో ముల్లు మధ్యలో నిలకడగా ఉండేది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర వరసలో నిలిస్తే పైకి పాకేది. ఒంగోలు ఊళ్లో 30, 40 కిలోమీటర్ల వేగంలో నడిపితే ఇంకా పైకి పోయేది. వేగంలో చల్లగా ఉండి నిలిస్తే వేడెక్కే బండికి గాలి చాలడం లేదు. నిలిస్తే బాగుండి వేగంలో వేడెక్కే బండికి నీళ్లు తిరగడం లేదు, లేదా రేడియేటర్ పూడింది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. కాని నిలిచినప్పటికంటే నెమ్మదిగా పోయేటప్పుడు ఎక్కువ వేడెక్కడం ఏమిటన్నది మాకు రెండు రోజులు అంతుబట్టలేదు. చివరికి ఒక కాగితాన్ని ముందు జాలీ దగ్గర పట్టుకుని ఎలక్ట్రిక్ ఫ్యాను వేశాం. కాగితం జాలీకి అంటుకోవాలి. ఎగిరి మా మొహాన పడింది. ఆ ఫ్యాను తన పాత బండిలో రేడియేటర్ వెనుక ఉండి గాలిని లాగేది; మేం చోటు లేక ముందు పెట్టాం, అది తన అలవాటు ప్రకారమే గాలిని ముందుకు తోసింది. బండి నెమ్మదిగా పోయేటప్పుడు ఎదురుగాలి, ఫ్యాను గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుని రేడియేటర్‌లో గాలే ఆడలేదు. వేగం పెరిగితే ఎదురుగాలి గెలిచేది. మోటారు వైర్లు తిరగేసి, రెక్కలను కూడా విప్పి తిప్పి బిగించాం. వైర్లు మాత్రమే మారిస్తే వంపు తప్పిన రెక్కలు సగం గాలినే తోస్తాయి.

ఈ ముల్లును కూడా నమ్మే ముందు పరీక్షించాలి. పాత మీటరుకు కొత్త ఇంజిన్ సెన్సారు కలిపితే అది చూపేది అసలు వేడికి దగ్గరగా ఉంటుందన్న హామీ లేదు. సెన్సారును విప్పి, గిన్నెలో నీళ్లు కాచి, అందులో ముంచి, పక్కన థర్మామీటరు పెట్టి, మరిగే నీళ్లలో ముల్లు ఎక్కడ నిలుస్తుందో అద్దం మీద గుర్తు పెట్టుకున్నాం. రేడియేటర్‌లో బోరు నీళ్లు మాత్రం పోయవద్దు. కనిగిరి వైపు బోరు నీళ్లు మనుషుల ఎముకలకే చేసిన హాని మనం చూశాం. లవణాలున్న నీళ్లు సన్నని గొట్టాల్లో పొలుసు కట్టి, ఏడాదిలో కొత్త రేడియేటర్‌ను పాతది చేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. మొదటిసారి నింపేటప్పుడు ముందు చక్రాలను ఎత్తు మీదికి ఎక్కించి నింపితే ఇంజిన్ తలలో చిక్కిన గాలి బయటికి వస్తుంది.

పెట్రోలు గురించి రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఆ కాలపు రబ్బరు గొట్టాలను అది మెత్తబరుస్తుంది, ట్యాంకులో ఏళ్లతరబడి అంటుకున్న మడ్డిని కడిగి కార్బొరేటర్‌కు మోసుకువస్తుంది. కాబట్టి గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయాలి, మొదటి నెలలో ఫిల్టరును రెండు మూడుసార్లు మార్చాలి. బరువు లెక్కన మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన దానికి దాదాపు 13.5 చాలు. అంటే కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రం, జెట్టు, పాతదే ఉంటే మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. మేం ఒక సైజు పెద్ద జెట్టు వేశాం. పెట్రోలు పైపు సైలెన్సర్ గొట్టం పక్కనుంచి పోతుంటే ఎండాకాలంలో అందులో ఆవిరి బుడగ కట్టి బండి ఆగిపోతుంది. దాన్ని దూరంగా జరపడమే మంచి మందు.

బిగింపులను మళ్లీ బిగించడం చిన్న పనే అయినా మరవరాదు. చక్రాల నట్లు వంద కిలోమీటర్లకు, వెనుక కమాన్ కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఐదు వందలకు మళ్లీ బిగించాం. బోల్టులు సగం చుట్టు తిరిగాయి. సస్పెన్షన్ రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలితిరిగి ఆరు నెలల్లో చిరుగుతుంది. బండి నాలుగు చక్రాల మీద తన బరువుతో నిలిచాకే వాటిని బిగించాలి. గేరుబాక్సు మారినందువల్ల స్పీడోమీటరు కూడా తప్పు చెప్పింది. హైవే కిలోమీటరు రాళ్ల మధ్య వాచీ పెట్టుకుని చూశాం. 60 వేగంలో రాయికీ రాయికీ నిమిషం పట్టాలి, మాకు 68 సెకన్లు పట్టింది. అంటే అసలు వేగం 53.

వానల సంగతి ఎండాకాలంలో తెలియదు. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి కాబట్టి, అంతదాకా ఆగకుండా బండి మీద హోస్ పైపుతో అరగంట నీళ్లు కొట్టి, లోపల రబ్బరు అంచుల పొడవునా సుద్దపొడి చల్లి చూశాం. తడిసిన సుద్ద దారి చూపింది. డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కొత్త రంగుతో మూసుకుపోయి ఉన్నాయి. వాటిని తెరవకపోతే రెండేళ్లలో డోరు లోపలినుంచి తుప్పు పడుతుంది, బయటికి కనిపించేనాటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

చట్టం సంగతి కూడా విద్యార్థులకు తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్పిడికి ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకుని, తరువాత ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే కాపాడిన బండ్ల కోసం పెట్టినవి. ఇలా మార్చి కట్టిన బండికి ఆ దారి పనికిరాదు. స్పానర్ పట్టకముందే యజమానికి ఈ సంగతులు చెప్పడం మేస్త్రీ ధర్మం.

చివరిగా, ఇంకా తేలని లోపం ఒకటి ఉంది. కొత్త గేరుబాక్సు పొడవు వేరు కావడంతో గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్టును కోసి కురచ చేయించాం. మొదటి హైవే ప్రయాణంలోనే 65 దాటగానే బండి అంతా వణికింది. న్యూట్రల్‌లో వదిలినా వణుకు పోలేదు కాబట్టి ఇంజిన్‌ది కాదు. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 11 సార్లు తిరుగుతుంది, షాఫ్టు దానికి నాలుగు రెట్లకు పైగా. చక్రం అదురు స్టీరింగ్‌లో ఒక్కొక్క దెబ్బగా తెలుస్తుంది. షాఫ్టు అదురు నేలలో, సీటులో సన్నని గుంయిమనే మోతగా వినిపిస్తుంది. మాది రెండోది. దించి చూస్తే షాఫ్టు రెండు కొసల ఫోర్కులు ఒకే వరసలో లేవు, కొద్దిగా మెలిపడి వెల్డింగ్ అయ్యాయి. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. బిగించే ముందు సరిచూసుకోవలసింది నేను. మళ్లీ కోయించి, వరస కుదిర్చి, బ్యాలెన్స్ చేయించాం. వణుకు పోయింది. కాని 70, 75 మధ్య, అదీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే, ఒక సన్నని మోత మిగిలింది. కాలు తీస్తే పోతుంది. గేరుబాక్సు వెనుక కొస, ఇరుసు ముక్కు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. బండి నిలిచి ఉండగా కొలిస్తే తేడా ఒక డిగ్రీ లోపే ఉంది. లాగేటప్పుడు కమాన్ కట్టలు మెలితిరిగి ఇరుసు ముక్కు పైకి లేస్తున్నదని నా అనుమానం. నిరూపించలేకపోయాను. ఇరుసుకూ కట్టలకూ మధ్య రెండు డిగ్రీల వాలున్న ముక్కలు (వెడ్జ్‌లు) పెట్టి చూడాలి, అంతకుముందు కట్టల బిగింపు సరిచూడాలి.

బండి నిన్నటికి 2,140 కిలోమీటర్లు తిరిగింది. భోజనాల తరువాత ఐదుగురు చొప్పున ఎక్కించుకుని హైవే మీదికి తీసుకువెళతాను. నోటుపుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంది, 71వ పేజీ నుంచి ఈ మోత సంగతే. చదివి ఎక్కండి, 70 దగ్గర మీకు ఏం వినిపించిందో ఒక్కొక్కరూ మీ మాటల్లో అందులో రాయండి.